ఎంజైమ్ బకెట్లో అసలేముంటది? గుంట కాడ నుంచి ఫ్యాక్టరీ దాకా తెలిసినోళ్లు చెప్పండి

అల్లూరు_రైతు
అందరికీ నమస్తే. మాది అల్లూరు పక్కన, రొండు చెరువు గుంటల్లో వనామీ రొయ్య వేసుండాం. ఈ మధ్య ఏ షాపుకి పోయినా ఎంజైమ్ ఎంజైమ్ అంటుండారు, అడుగు మట్టి నల్లబడితే ఎంజైమ్, రొయ్య మేత సరిగ్గా ఎత్తకపోతే ఎంజైమ్, వైట్ గట్ అనే రొయ్య పేగు జబ్బుకి కూడా ఎంజైమే. ఇంటికొస్తే బట్టల పౌడర్ ప్యాకెట్ మీద అదే మాట, మా నాయనకి అరుగుదలకని డాక్టర్ రాసిన సీసా మీదా అదే మాట. మా అబ్బయ్య ఇంటర్ బైపీసీ, ఇవన్నీ సూక్ష్మజీవుల్లోంచే తీస్తారు నాయనా అంటుండాడు. అసలు ఇవన్నీ ఒకటేనా? యాడ తయారుచేస్తారు, ఎట్ట పనిచేస్తాయి, నా గుంటలో పోస్తే నిజంగా ఏమన్నా జరుగుద్దా? ఎంత పెద్దగా రాసినా చదువుతా, తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

కావలి_మైక్రో_మేడం
మీ అబ్బాయి కరెక్టుగానే చెప్పాడండీ. నేను కావలిలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, పెద్దగా రాయమన్నారు కాబట్టి రాసేస్తున్నా.

ఎంజైమ్ అంటే ఒక ప్రోటీన్. ఏదో ఒక రసాయన మార్పుని త్వరగా జరిగేలా చెయ్యడం దాని పని, ఆ పనిలో అది మాత్రం ఖర్చైపోదు, మేస్త్రి ఒక గోడ కట్టేసి పక్క గోడకి పోయినట్టు వరసగా చేసుకుంటా పోతది. అయితే ఒక్కోదానికి ఒక్కటే పని వచ్చు. పిండిని విడగొట్టేది అమైలేజ్, ప్రోటీన్‌ని అయితే ప్రోటీజ్, కొవ్వుకి లైపేజ్, పత్తి నారలో ఉండే సెల్యులోజ్‌కి సెల్యులేజ్. అందుకని మీ నాన్నగారి సీసాలో ఉన్నదీ బట్టల పౌడర్లో ఉన్నదీ ఒకటి కాదు.

సూక్ష్మజీవులే ఎందుకు అంటే, బ్యాక్టీరియాకి బూజుకి నోరూ కడుపూ లేవు కదా, అవి ఎంజైమ్‌ని బయటికి వదిలి ఎదురుగా ఉన్న ఆహారాన్ని అక్కడే కరిగించుకుని తర్వాత లోపలికి పీల్చుకుంటాయి. ఫ్యాక్టరీ వాళ్లకి సరిగ్గా ఇదే కావాలి. పెద్ద స్టీల్ ట్యాంకులో సోయా పిండి, చక్కెర లాంటివి కలిపి, ఆవిరితో వేరే క్రిములన్నీ చంపేసి, తమకి కావాల్సిన ఒక్క రకాన్ని వదిలి, గాలి పంపుతా రోజుల తరబడి పెంచుతారు. ఎంజైమ్ ఆ ద్రవంలోకే వచ్చేస్తది, కణాల్ని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని సన్నటి పొరల గుండా పంపి చిక్కబరిచి, పాడవకుండా గ్లిసరాల్ లాంటిది కలిపి అమ్ముతారు, లేదంటే పొడి గుళికలు చేస్తారు.

ఇది నిన్నగాక మొన్న వచ్చింది కూడా కాదు. జోకిచి తకమినే అని జపాన్ ఆయన, అక్కడ సాకే అనే బియ్యం మద్యం కాయడానికి వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజుని అమెరికాలో గోధుమ తవుడు మీద పెంచి దాన్నుంచి పిండిని విడగొట్టే డయాస్టేజ్ తీసి 1894లో పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని అరుగుదల మందుగా అమ్మారు. మీ నాన్నగారి సీసా మీద ఫంగల్ డయాస్టేజ్ అని ఉందేమో చూడండి, ఉంటే అది ఆ వంశందే. పక్కన పెప్సిన్ అని కూడా ఉండొచ్చు, అది మాత్రం జంతువుల కడుపు నుంచి తీసేది.

ముత్తుకూరు_షిఫ్ట్_బి
మేడం చెప్పిన అమైలేజ్‌తోనే మా బతుకు తెరువు. నేను ఇథనాల్ ప్లాంట్‌లో లిక్విఫాక్షన్, అంటే పిండి ముద్దని పల్చన చేసే సెక్షన్ ఆపరేటర్ని. నూకలు లారీల్లో వస్తాయి, పిండి ఆడిచ్చి నీళ్లతో కలుపుతాం, వేడి చేసేకొద్దీ అది గంజి కంటే చిక్కగా తయారై పంపు కూడా లాగలేని స్థితికి వస్తది, అప్పుడే ఆల్ఫా అమైలేజ్ పని కనపడేది. 85, 90 డిగ్రీల్లో కూడా చచ్చిపోకుండా పనిచేసే రకం అది, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియాది. డోస్ పడిన కాసేపటికి ఆ చిక్కటి ముద్ద నీళ్ల లాగా జారిపోతది, కళ్లారా చూడాల్సిందే. టన్ను నూకలకి కిలో ఎంజైమ్ కూడా పట్టదు తెలుసా.

ల్యాబ్‌లో మేం చేసే టెస్ట్ బో సింపుల్. తెల్లటి పింగాణీ పలక మీద గుంటలుంటాయి, ఒక్కో గుంటలో శాంపిల్ చుక్క వేసి పైన అయోడిన్ చుక్క వేస్తాం. పిండి ఇంకా ఉంటే నల్లటి నీలం వస్తది, ఎంజైమ్ పనిచేసేకొద్దీ ఊదా, తర్వాత ఎర్రమట్టి రంగు, చివరికి అయోడిన్ పసుపు అలాగే ఉండిపోతది. నీలం పోకపోతే నేను ముందు చూసేది పీహెచ్, అంటే పులుపు కొలత, తర్వాత వేడి. పీహెచ్ తగ్గితే పులుపు ఎక్కినట్టు. 5.5 నుంచి 6 మధ్య ఉండాలి, అంతకంటే పులుపు ఎక్కితే ఎంజైమ్ ఎంత పోసినా దండగే. ఆ తర్వాత చల్లార్చి పులుపు పెంచి గ్లూకోఅమైలేజ్ వేస్తాం, అది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్ల బూజుది, ముక్కలైన పిండిని గ్లూకోజ్ చేస్తది, ఆ గ్లూకోజ్‌ని ఈస్ట్ తిని ఆల్కహాల్ చేస్తది. టన్నుకి 400 లీటర్ల పైనే వస్తది. అడుగున మిగిలిన పిప్పి ఎండబెట్టి పశువుల దాణాకి పోతుంది.

పూర్వం ఈ పని యాసిడ్ పోసి ప్రెషర్‌లో ఉడకబెట్టి చేసేవాళ్లంట, పాత్రలు తినేసేది, రంగు మారిపోయేది, చేదు వచ్చేది.

సింగరాయకొండ_అక్క
చదువుతుంటే బాగుంది. ఒక చిన్న ప్రశ్న, బట్టల పౌడర్‌లో ఎంజైమ్ ఉందంటే పట్టు చీరకి వాడొచ్చా? మా పెళ్లినాటి చీర ఒకటి నానబెడదామని అనుకుంటున్నా, ఎవరైనా చెప్తే ఆగుతా.

ఉదయగిరి_టు_తిరుపూర్
అక్కా ఆగు ఆగు!! పట్టు ప్రోటీన్. పౌడర్‌లో ఉండేది ప్రోటీజ్, అదీ క్షారంలో తట్టుకునే సబ్టిలిసిన్ రకం. రక్తం మరక, పాలు, గుడ్డు లాంటివి కరిగించడానికే దాన్ని వేసింది, దానికి మరక ప్రోటీనూ చీర ప్రోటీనూ తేడా తెలీదు. ఉన్నికి కూడా అంతే. పట్టు చీర డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేసెయ్. కాటన్ అయితే భయం లేదు, కాకపోతే మరిగే నీళ్లలో వెయ్యకుండా గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టు, మరిగే నీళ్లలో ఎంజైమ్ చచ్చిపోయి ఉత్త సోడా మిగులుద్ది.

నేను ఉదయగిరి కుర్రోణ్ణే, తిరుపూర్‌లో ప్రాసెసింగ్ యూనిట్‌లో చేస్తున్నా. మాకు ఎంజైమ్ లేకుండా రోజు గడవదు. మీరు కొనే టీషర్ట్ మీద బయోవాష్ అని ఉంటది కదా, అది సెల్యులేజ్ పని, గుడ్డ మీద లేచిన సన్న నూగు కొసల్ని తినేసి నున్నగా చేస్తది. జీన్స్‌కి పాతబడ్డ లుక్ రావడానికి ఒకప్పుడు లావా రాళ్లు వేసి తిప్పేవాళ్లు, రాళ్లు మిషన్ డ్రమ్మునీ గుడ్డనీ పాడుచేసేవి, ఇసుక పొడి కాలవల్లో చేరేది. ఇప్పుడు ఎక్కువ సెల్యులేజే. కానీ టైమ్ అయిన వెంటనే వేడి పెంచో పీహెచ్ పెంచో దాన్ని చంపాలి, మర్చిపోయి వదిలేస్తే గుడ్డ బలం పోయి చేత్తో లాగితే చిరుగుద్ది.

ఈ సెల్యులేజ్ కథ నాకు భలే ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, కాన్వాస్ గుడ్డలు కుళ్లిపోతుంటే ఎందుకా అని చూశారు, ఒక బూజు తినేస్తుంది. దాన్ని పట్టుకొచ్చి పెంచారు, ట్రైకోడెర్మా రీసీ అని పేరు, ఎల్విన్ రీస్ అనే సైంటిస్ట్ పేరు మీద. గుడ్డని నాశనం చేస్తుందని వెతికినదాన్నే ఇప్పుడు గుడ్డ తయారీలో వాడుతున్నాం.

ఇంకోటి కేటలేజ్. గుడ్డని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లగా చేశాక ఆ పెరాక్సైడ్ కొంచెం మిగిలినా రంగు సరిగ్గా పట్టదు, మచ్చలు వస్తాయి. ముందు వేడి నీళ్లతో మళ్లీ మళ్లీ జాడించేవాళ్లు, ఇప్పుడు కేటలేజ్ కొంచెం వేస్తే పెరాక్సైడ్ నీళ్లూ ఆక్సిజనూ అయిపోద్ది. మా ఫ్లోర్‌లో దాన్ని పెరాక్సైడ్ కిల్లర్ అనే అంటారు. రంగు నీళ్లు నదిలో కలుస్తున్నాయని 2011లో మద్రాసు హైకోర్టు ఇక్కడి రంగుల యూనిట్లు మూయించిన తర్వాత ప్రతి బిందె నీళ్లకీ లెక్కే, అందుకని జాడింపు ఒక్కటి తగ్గినా ఓనర్‌కి డబ్బు, నొయ్యల్ నదికి మేలు.

సింగరాయకొండ_అక్క
థాంక్స్ తమ్ముడూ, చీర బీరువాలో పెట్టేశా.

తోలు_పెద్దాయన
నాయనా ఉదయగిరి అబ్బాయి, బాగా రాశావు. నేను నెల్లూరు వాణ్ణి, ఉద్యోగమంతా రాణీపేట తోళ్ల ఫ్యాక్టరీల్లోనే. పచ్చి తోలు నుంచి వెంట్రుక తియ్యాలంటే సున్నం, సోడియం సల్ఫైడ్ వేసి నానబెట్టేవాళ్లం, కుళ్లిన గుడ్ల కంపు, వెంట్రుక మొత్తం గుజ్జై మురుగులో కలిసేది, ఆ గుంటల్లో దిగి పనిచేసినోళ్ల చేతులు చూస్తే ఇప్పటికీ నాకు బాధేస్తది. ప్రోటీజ్ వాడితే వెంట్రుక కుదుళ్ల దగ్గర పట్టు వదిలి వెంట్రుక వెంట్రుకగానే ఊడొస్తది, వడకట్టి తీసెయ్యచ్చు, సల్ఫైడ్ బాగా తగ్గుద్ది. అడయార్‌లో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్లు దీని మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు.

ఆ తర్వాత తోలు మెత్తబడడానికి బేటింగ్ అని ఇంకో పని ఉంటది. దీనికి వందేళ్ల కింద ఏం వాడేవాళ్లో తెలుసా, కుక్క మలం, పావురాల రెట్టలు. దాంట్లోని ఎంజైమ్‌లే పనిచేస్తున్నాయని జర్మనీలో ఒట్టో రోమ్ అనే ఆయన గుర్తించి 1907 ప్రాంతంలో పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌తో సరుకు తెచ్చాడు. ఇప్పుడు బ్యాక్టీరియా, బూజు ప్రోటీజ్‌లు కూడా వాడుతున్నారు. ఆ పని చేసినోళ్లకి ఎంత ఊరటో నాకు తెలుసు. ఆ ఒట్టో రోమే 1913లో బట్టలుతికే పౌడర్లో ఎంజైమ్ వేసింది కూడా.

ఒంగోలు_బేకరీ
మా బేకరీ సంగతి రెండు ముక్కలు. బ్రెడ్ పిండిలో వేసే పొటాషియం బ్రోమేట్ 2016లో బ్యాన్ అయ్యాక బ్రెడ్ లేవడానికి విటమిన్ సీ, ఎంజైమ్ ఉన్న ఇంప్రూవర్‌లే వాడుతున్నాం. బ్రెడ్ నాలుగు రోజులు మెత్తగా ఉండడానికి వేరే అమైలేజ్ ఉంటది, ఓవెన్‌లో కాలేటప్పుడు పిండిని కొంచెం కత్తిరించి గట్టిపడకుండా ఆపుద్ది. డోస్ ఎక్కువైతే మాత్రం లోపల బంకబంకగా వస్తది, స్లైసర్ బ్లేడుకి అంటుకుంటది. గ్రాముల్లో తూచాలి, చేతి లెక్క పనికిరాదు. చీజ్ సంగతి ఎవరైనా చెప్పండి, దూడ కడుపు నుంచి తీస్తారని కొందరు కస్టమర్లు పిజ్జా ముట్టరు.

కావలి_మైక్రో_మేడం
ఒకప్పుడు అలాగేనండీ, పాలు తాగే దూడ నాలుగో కడుపు నుంచి పాలు విరగ్గొట్టే రెన్నెట్ తీసేవాళ్లు, దాంట్లో అసలు ఎంజైమ్ కైమోసిన్. తర్వాత రైజోమ్యూకర్ అనే బూజు ఎంజైమ్‌తో పాలు విరగ్గొట్టడం వచ్చింది. 1990లో అమెరికా ఇంకో అడుగు వేసింది, దూడ కైమోసిన్ జీన్‌ని ఈ. కోలై బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ఎంజైమ్‌కి అనుమతి ఇచ్చింది, ఆహారంలో జన్యుమార్పిడి జీవి నుంచి వచ్చిన మొదటి ఎంజైమ్ అది. ఇప్పుడు బూజులో, ఈస్ట్‌లో కూడా చేస్తున్నారు. మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందో లేదో, మైక్రోబియల్ రెన్నెట్ అని రాశారో లేదో చూపించండి, వాళ్లకి అనుమానం తీరిపోద్ది. పనీర్‌కి అసలు ఈ గొడవే లేదు, అది నిమ్మరసంతోనో పులుపుతోనో విరిచేది.

సింగరాయకొండ_అక్క
ఫ్యాక్టరీల మధ్యలో ఇంకో మాట కూడా ఉండాలని రాస్తున్నా. మా అన్న కూతురికి ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్, చెన్నై తీసుకెళ్లాం. అక్కడ ఇచ్చిన మందుల్లో ఒకటి ఆస్పరాజినేజ్. అదీ ఎంజైమే, ఈ. కోలై బ్యాక్టీరియా నుంచి తీసేది. ఆ రకం క్యాన్సర్ కణాలు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా సరిపడా చేసుకోలేవు, రక్తంలోంచి తీసుకోవాలి, ఈ మందు రక్తంలో దాన్ని లేకుండా చేస్తది, కణాలు ఆకలితో చస్తాయి అని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ ఎలర్జీ వస్తదేమోనని నర్సు పక్కనే కూర్చునేది. పాప ఇప్పుడు స్కూల్‌కి పోతుంది. ఎంజైమ్ అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ చిన్న సీసానే గుర్తొస్తది.

ఒంగోలు_బేకరీ
చల్లగా ఉండాలి అక్కా పాప. చిత్రం ఏందంటే అదే ఆస్పరాజినేజ్ బిస్కెట్లు, చిప్స్ చేసే పెద్ద కంపెనీలు కూడా వాడతాయి, బూజు నుంచి తీసింది. పిండిలో ఆస్పరాజిన్ ముందే తగ్గిస్తే కాల్చేటప్పుడు అక్రిలమైడ్ అనే చెడ్డ పదార్థం తక్కువ పుడుద్ది.

అల్లూరు_రైతు
బో బాగా చెప్తుండారు అందరూ. మా అబ్బయ్య పక్కన కూర్చోని చదివిస్తుండాడు. ఇప్పుడు నా గుంట సంగతికి రండి.

ఆక్వా_షాపు_కొత్తపట్నం
అన్నా నేను షాపాయన్ని, నా మాట కూడా వినాలి. ఎంజైమ్ వాడిన రైతులు చెక్ ట్రేలో, అంటే రొయ్య మేత తింటుందో లేదో చూసే పళ్లెంలో, మేత మిగలడం తగ్గిందని, నీళ్ల మీద నురగ తగ్గిందని చెప్తారు, నేను వాళ్ల గట్టు మీద నిలబడి చూశా. అందరూ మోసం అనేస్తే నిజాయితీగా అమ్మేవాళ్లకి దెబ్బ. మేతకి పట్టించే రకం, నీళ్లలో పోసే రకం రెండూ ఉన్నాయి.

హ్యాచరీ_పీసీఆర్_ల్యాబ్
షాపన్నా, మోసం అని ఎవరూ అన్లేదు, లెక్క చూద్దాం. నేను ఉలవపాడు బీచ్ సైడ్ రొయ్య పిల్లల హ్యాచరీలో ల్యాబ్ టెక్నీషియన్ని, ఎంజైమ్‌లతోనే నా పని కూడా.

ఎకరం గుంట, ఐదడుగుల లోతు, నీళ్లు సుమారు 60 లక్షల లీటర్లు. కిలో పౌడర్ చల్లితే లీటరుకి 0.16 మిల్లీగ్రాములు. ఆ కిలోలో కూడా చాలాసార్లు డెక్స్‌ట్రోజ్ లాంటి క్యారియరే, అంటే బరువుకి కలిపే పొడే ఎక్కువ, అసలు ఎంజైమ్ కొంచెం. పైగా ఎంజైమ్ ప్రోటీన్, గుంటలో ఉండే బ్యాక్టీరియాకి అదీ తిండే, తినేస్తాయి. ముత్తుకూరు అన్న ట్యాంకులో వేడి, పీహెచ్, టైమ్ అన్నీ ఆయన చేతిలో ఉన్నాయి, పిండి చిక్కగా ఎదురుగా ఉంది, అందుకే కిలో లోపే టన్నుకి సరిపోతుంది. గుంటలో అవేవీ మన చేతిలో లేవు. అందుకని నీళ్లలో ఉత్త ఎంజైమ్ పొయ్యడం మీద నాకు నమ్మకం లేదు.

మేతకి బైండర్ అనే జిగురుతో పట్టించేది వేరే, అది రొయ్య కడుపులోకి పోతుంది, అర్థం ఉంది. ఫైటేజ్ అని ఒకటుంది, సోయా, తవుడు లాంటి వాటిలో ఫాస్ఫరస్ ఫైటిక్ యాసిడ్‌లో బంధించి ఉంటది, దాన్ని విడిపిస్తది, మేతలో ఫాస్ఫేట్ విడిగా కలిపేది తగ్గుద్ది, గుంటలోకి వదిలేదీ తగ్గుద్ది. కోళ్ల మేతలో ఎప్పటినుంచో వాడుతున్నారు. కానీ మేత గుళికలు చేసే మిషన్ వేడికి చాలా రకాలు చచ్చిపోతాయి, అందుకే మిల్లు వాళ్లు గుళిక అయ్యాక పైన స్ప్రే చేస్తారు.

ఇక అడుగు మట్టికి అయితే బతికున్న బాసిల్లస్ బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ మేలు, అవి అక్కడే పెరిగి అక్కడే ఎంజైమ్ వదుల్తా ఉంటాయి. మన వాళ్లు తవుడు, బెల్లం, ఈస్ట్ వేసి డ్రమ్ములో పులియబెట్టి పోస్తారే, దాంట్లో జరిగేదీ ఇదే, ఖర్చు తక్కువ. పులిసేటప్పుడు గాలి పెట్టండి, పాచి కంపు కొడితే పొయ్యొద్దు.

వైట్ గట్‌కి ఎంజైమ్ అంటే మాత్రం నేను ఒప్పుకోను. దానికి కారణాలు చాలా, అందులో ఈహెచ్‌పీ ఒకటి, అది రొయ్య కాలేయం కణాల్లో కూర్చునే పరాన్నజీవి, దానికి మందు లేదు. ముందు టెస్ట్ చేయించండి.

ఆ టెస్టే ఎంజైమ్ మీద నడుస్తది, ఇది అబ్బాయికి చదివి వినిపించండి. రొయ్య పిల్లని నలిపి ముందు ప్రోటీనేజ్ కే అనే ఎంజైమ్ వేస్తాం, అదీ ఒక బూజుదే, కణాల ప్రోటీన్ కరిగించి డీఎన్ఏ బయటికి తెస్తది. తర్వాత పీసీఆర్ మిషన్‌లో టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ డీఎన్ఏని కాపీల మీద కాపీలు చేస్తది. మిషన్ ప్రతి రౌండ్‌లో 95 డిగ్రీలకి పోతుంది, మామూలు ఎంజైమ్ అయితే మొదటి రౌండ్‌లోనే చస్తది, ముందు రోజుల్లో ప్రతి రౌండ్‌కీ చేత్తో కొత్త ఎంజైమ్ వేసేవాళ్లంట. ఇది మాత్రం అమెరికా ఎల్లోస్టోన్ పార్కులో మష్రూమ్ స్ప్రింగ్ అనే వేడి నీటి ఊటలో దొరికిన థెర్మస్ ఆక్వాటికస్ బ్యాక్టీరియాది. థామస్ బ్రాక్, ఆయన స్టూడెంట్ హడ్సన్ ఫ్రీజ్ 1966లో అక్కడ శాంపిల్ తీశారు, అంత వేడిలో ఎవరు బతుకుతారా అని చూడ్డానికే పోయారు, రొయ్య సంగతి వాళ్లకేం తెలుసు. 1983లో కేరీ మల్లిస్‌కి పీసీఆర్ ఆలోచన వచ్చింది, 1993లో నోబెల్. మీరు సీడ్ (రొయ్య పిల్లలు) ఎత్తేటప్పుడు వైట్ స్పాట్ వైరస్ నెగటివ్ అని కాగితం చూస్తారు కదా, ఆ కాగితం వెనక ఉన్నది ఆ ఊటలోని క్రిమే. కిట్ మైనస్ 20లో ఉండాలి, కరెంట్ పోతే నేను ముందు పరిగెత్తేది ఫ్రీజర్ దగ్గరికే.

కావలి_మైక్రో_మేడం
దీనికి ఒకటి కలుపుతా, ముఖ్యమైంది. 1960ల్లో బట్టల పౌడర్ ఫ్యాక్టరీల్లో ఎంజైమ్ పొడి గాల్లో లేచి పీల్చిన వర్కర్లకి ఆస్తమా వచ్చింది. అందుకే కంపెనీలు ఎంజైమ్‌ని మైనం లాంటి పూతతో గుళికలు చేసి దుమ్ము లేవకుండా చేశాయి. మన గుంటల దగ్గర కూలీలు పౌడర్ బకెట్లో చెయ్యి పెట్టి మేతలో కలుపుతుంటారు, ముక్కుకి గుడ్డ కూడా ఉండదు. దయచేసి మాస్క్, గ్లవ్స్ ఇప్పించండి, గాలికి ఎదురుగా నిలబడి కలపొద్దు.

ఆక్వా_షాపు_కొత్తపట్నం
మాస్క్ మాట నిజం మేడం, రేపటి నుంచి బకెట్‌తో పాటు నేనే ఇస్తా. ల్యాబ్ తమ్ముడూ, నీళ్లలో పోసేది నువ్వు చెప్పిన లెక్క ప్రకారం తక్కువే, కానీ కొన్ని బకెట్లలో ఎంజైమ్‌తో పాటు బాసిల్లస్ కూడా ఉంటది, రిజల్ట్ దానిది అయ్యుండొచ్చు. లేబుల్‌లో ఏం చూడాలో రాయి, నేనూ కంపెనీ రెప్‌ని అడుగుతా.

హ్యాచరీ_పీసీఆర్_ల్యాబ్
ఒప్పుకుంటా అన్నా, బాసిల్లస్ ఉన్నది వేరే సంగతి. లేబుల్‌లో ఎంజైమ్ పేరు విడిగా ఉండాలి, ఉత్త మల్టీ ఎంజైమ్ అంటే చాలదు. గ్రాముకి ఎన్ని యూనిట్లో ఉండాలి, ఎంజైమ్ బలం కిలోల్లో తెలీదు, యూనిట్లలోనే తెలుస్తది. ఏ పీహెచ్‌లో కొలిచారో అడగండి, గుంట నీళ్లు 7.5 నుంచి 8.5 ఉంటాయి, పులుపులో పనిచేసే బూజు ఎంజైమ్ అయితే అక్కడ సగం నిద్రపోద్ది. తయారీ తేదీ, ఎంత వేడిలో నిల్వ పెట్టాలో చూడండి, మే నెలలో రేకుల షెడ్డులో నెలంతా ఉన్న బకెట్ ఊరికే ఇచ్చినా వద్దు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి, అయితే అది యాంటీబయాటిక్ లేదన్నదానికి, బాగా పనిచేస్తుందన్నదానికి కాదు.

అల్లూరు_రైతు
ఇంట్లో ఉన్న బకెట్ తెచ్చి అబ్బయ్యతో చదివించినా. ప్రోటీజ్, అమైలేజ్, సెల్యులేజ్, లైపేజ్ అని పేర్లు ఉండాయి, యూనిట్లు యాడా లేవు. ఎకరాకి కిలో నీళ్లలో చల్లమని ఉండాది. సీల్ తియ్యలేదు.

హ్యాచరీ_పీసీఆర్_ల్యాబ్
సీల్ ఉంటే రేపే తిరిగిచ్చెయ్ అన్నా. ఆ డబ్బుల్లో రొయ్యలు పది ఐస్ బాక్స్‌లో పెట్టి దగ్గర్లో ల్యాబ్‌కి పంపు, ఈహెచ్‌పీ, వైట్ స్పాట్ రెండూ చూపించు. బతికుండగా పట్టినవే పంపాలి, గుంట నాలుగు మూలల నుంచీ తియ్యి, మేత తినకుండా గట్టు వారన తిరిగేవి ముందు పట్టు.

అల్లూరు_రైతు
తెల్లారే పంపిస్తా. రిపోర్ట్ రాంగానే ఈడే పెడతా.